గాజుపుల్ల మీద ఎర్ర గీత

అరబ్బు దేశంలో, హూరా అనే పేటలోని ఆ ఫ్లాటులో నరసాయమ్మ ఊడ్చి తుడిచేది, బట్టలు ఉతికేది. వంట మాత్రం ఆమెది కాదు. పాత వంటమనిషి మానేసి నెలయినా ఇంగ్లీషు దొర హోటలు తిండే తెప్పించుకున్నాడు గానీ, ఆమెను పొయ్యి ముట్టుకోనివ్వలేదు. గోదావరి జిల్లాలో పెళ్ళిళ్ళకు వండిన మనిషికి అది ఎంతకీ మింగుడుపడలేదు.

దొర బీరు ఇంట్లోనే తయారుచేసుకునేవాడు. డబ్బాలో వచ్చే, బార్లీ మొలకలతో కాచిన చిక్కటి మాల్టు పాకం, కిలో పంచదార, బకెట్టులో గుర్తు దాకా మంచినీళ్ళు. చివర్లో అది పులియడానికి ఈస్టు పొడి తనే చల్లేవాడు. ఎనభై నాలుగులో ఒకరోజు డ్యూటీకి వెళుతూ, వచ్చే నెల పార్టీకి ఈసారి నువ్వు కలిపిపెట్టు, కుదిరితే వంటిల్లు నీదే అన్నాడు. పంచదార కిలో దాటితే బీరు పలచగా, ఘాటుగా తయారవుతుందని హెచ్చరించాడు కూడా.

ఆమె అంతా కలిపేసరికి డ్రైవరు అబ్బులు నీళ్ళ క్యాను దించుతూ, "అక్కా, పార్టీకి ఇరవైమందన్నారు గదా, ముప్పైమంది అయ్యారంట" అన్నాడు.

నరసాయమ్మ ఆలోచించకుండానే మరో మూడు లీటర్లు పోసేసింది. చుట్టాలు పెరిగితే చారులో నీళ్ళు పోయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే మరి.

దొర నేర్పినట్టు చిక్కదనం కొలిచే గాజుపుల్ల బకెట్టులో వేసి చూసింది. పాళ్ళు సరిపోతే పుల్ల మీది ఎర్ర గీత పైకి తేలాలి. అది కాస్తా మునిగిపోయింది. వంటిల్లు చేతికి అందినట్టే అంది జారిపోతోంది.

"ఇంకాస్త పంచదార పోసెయ్యక్కా. ఎవడు చూడొచ్చాడు?"

"పుల్ల తేలుద్ది సరే. తాగేవోడి నోటికి తెలీదేంటి?"

పులుసు పలచబడితే ఏం చేస్తాం? ఇగరబెడతాం. ముట్టుకోవద్దన్న పొయ్యినే వెలిగించింది. పెద్ద గిన్నెలు రెండింట్లోకి బకెట్టులోది తోడి, ఎక్కువైన మూడు లీటర్లూ ఆవిరయ్యేదాకా మరిగించింది. ఐసునీళ్ళలో చల్లార్చి మళ్ళీ బకెట్టులో పోసింది. ఎర్ర గీత బుద్ధిగా పైకి తేలింది.

సాయంత్రం దొర పుల్ల చూసి తల ఊపాడు. ఆ తర్వాత మసిపట్టిన గిన్నెలు చూశాడు. నరసాయమ్మ దాచకుండా, దొరకూ కాస్త తెలిసిన హిందీలో జరిగిందంతా చెప్పేసింది. అతను ఈస్టు చల్లి మూత పెట్టాడు. ఆ నెలంతా ఆమె చీపురు పట్టుకునే తిరిగింది. బకెట్టు గదిని మాత్రం రోజుకు రెండుసార్లు ఊడ్చింది.

పార్టీనాడు దొర మొదటి గ్లాసు వెలుగుకెత్తి చూశాడు. రంగు ఎప్పటికన్నా కాస్త ముదురు. ఒక గుక్క తాగాడు, గ్లాసు ఖాళీ చేశాడు, మళ్ళీ నింపుకున్నాడు. ముప్పైమందికీ బీరు చాలలేదు, చాలలేదని అందరూ గోలపెట్టారు.

జనం వెళ్ళాక నరసాయమ్మ ఊడవబోతుంటే దొర ఆమె చేతిలోని చీపురు తీసి తలుపు మూల పెట్టాడు. రేపు ఏం వండుతావని అడిగాడు.

నెల రోజులుగా ఆమె దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది.

"రొయ్యలు తెప్పించండి సార్," అంది. "ఇగురు చేస్తాను."