క్లాడియస్ గారి దండ

సలోమి టీచరుకి రోమన్లంటే పరమ అసహ్యం. సోషల్ టీచరు కాబట్టి వాళ్ళ రోడ్ల గురించీ, కట్టిన గోడల గురించీ పిల్లలకు గొప్పగానే చెప్పేది. కానీ మిగతా సంగతులూ దాచేది కాదు. వాళ్ళు బట్టల్ని ఉచ్చలో నానబెట్టి ఉతికేవాళ్ళు. చేపల పేగులు ఉప్పులో ఊరేసి, ఎండలో కుళ్ళబెట్టి, కారిన రసాన్ని తినే ప్రతిదాంట్లోనూ పోసుకుని లొట్టలేసేవాళ్ళు. ఎండుచేపల వాసన మధ్య పుట్టి పెరిగిన మనిషికే ఆ సంగతి చదివిన రోజున అన్నం సయించలేదు. ఇక వాళ్ళ మరుగుదొడ్లలో పదేసిమంది వరసగా కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుకుంటూ, కర్రకు గుచ్చిన స్పాంజిని ఒకరి తర్వాత ఒకరు వాడుకునేవాళ్ళు. ఇలాంటి మహానుభావులు సముద్రం దాటి వెళ్ళి బ్రిటన్ వాళ్ళకు నాగరికత నేర్పించారట.

ఆ "నేర్పించారట" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మూతి ఒక పక్కకు తిరిగిపోయేది. పిల్లలు నవ్వేవాళ్ళు. పాఠం అయిపోయేది. అసహ్యం పుస్తకంలోనే ఉండిపోయేది.

అది పుస్తకంలోంచి లేచి బడిలోకి రావడానికి కారణం సత్తిరాజు గారు. ఆయన మలికిపురంలో పెద్ద కొబ్బరి వ్యాపారి, ఆ పక్కన రోడ్డు వార ఉన్న ఇంగ్లీషు మీడియం బడికి కరస్పాండెంటు. కిందటి ఎండాకాలం బావమరిదిని చూడ్డానికి లండను వెళ్ళి, అక్కడెక్కడో రోమన్లు కట్టిన స్నానాలగదుల ముందు నిలబడి ఫోటోలు దిగి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు రోమన్ల పిచ్చి పట్టుకుంది. ఈ ఏడు వార్షికోత్సవంలో కృష్ణరాయబారం వద్దన్నారు, రికార్డు డాన్సులు వద్దన్నారు. రోమన్లు బ్రిటన్‌ని జయించిన నాటకం వెయ్యాలన్నారు. అందులో క్లాడియస్ చక్రవర్తి వేషం తనే వేస్తానన్నారు.

"ఇంగ్లీషోళ్ళు మనల్ని ఏలేరు కదండీ. ఆళ్ళని ఏలినోళ్ళు ఈళ్ళు. అంటే ఎంత గొప్పోళ్ళయి ఉండాలో చూడండి టీచరుగారూ" అన్నారు సత్తిరాజు గారు.

"ఆయ్" అంది సలోమి.

ఆయ్ అనే మాటకు ఆ ప్రాంతంలో హద్దు లేదు. వింటున్నానంటే ఆయ్. అలాగేనంటే ఆయ్. మీరు చెప్పేది శుద్ధ తప్పు గానీ మీతో నాకెందుకు అన్నా కూడా ఆయే. ఏది ఏదో పలికే తీరును బట్టి ఎదుటివాడు తెలుసుకోవాలి. సత్తిరాజు గారికి పుట్టిన దగ్గర్నుంచీ ఆ శ్రమ పడాల్సిన అవసరం రాలేదు. ఆయనకు వినబడిన ప్రతి ఆయ్ ఒప్పుకోలే.

నిజానికి ఆయనకు క్లాడియస్ వేషం కొలిచి కుట్టినట్టు సరిపోతుందని సలోమికి మొదటిరోజే తోచింది. అసలు యుద్ధం చేసింది క్లాడియస్ కాదు, సేనాపతి. బురదలో పడి, నదులు ఈది, చావగా మిగిలినవాళ్ళతో గెలిచి, ఆఖరి ఊరి ముందు సైన్యాన్ని ఆపి, "తమరు దయచెయ్యండి" అని కబురు పెట్టాడు. అప్పుడు దొరవారు ఏనుగులతో సహా దిగి, పట్టుమని నెల తిరక్కుండానే, జయించేశానని రోముకు వెళ్ళి ఊరేగారు. ఈ బడిలో టెన్తు రిజల్ట్సు వచ్చినప్పుడల్లా జరిగేది అదే. ఏడాది పొడుగునా గొంతు చించుకున్నవాళ్ళు వెనకాల నిలబడతారు, ఫ్లెక్సీ మీద సత్తిరాజు గారు చేతులు జోడించి నవ్వుతుంటారు.

నాటకం రాసే పని సలోమి మీద పడింది. వేషాలు ఎంచే పని డ్రిల్లు మాస్టరు వీరబాబు తీసుకున్నాడు. రాజమండ్రి నుంచి అద్దెకు తెచ్చిన రోమన్ డ్రెస్సులు విప్పితే లోపల కౌరవసైన్యం కిరీటాలున్నాయి. వాటి మీద చీపుళ్ళు అడ్డంగా కట్టి రోమన్ టోపీలన్నాడు. మగపిల్లలకు పొట్టి గౌన్లేమిటని తల్లులు గొడవ చేస్తే లోపల ట్రాక్ ప్యాంట్లు వేయించాడు. సత్తిరాజు గారు ఏనుగు కావాలన్నారు. ఏనుగు దొరక్క, కొబ్బరి పీచుతో ఒకదాన్ని చేయించి ట్రాలీ రిక్షా మీద నిలబెట్టాడు. ఇదంతా చూసి సలోమి కూడా నవ్వింది. నవ్వు ఆగిపోయింది వేషాల దగ్గర.

రోమన్లంతా ముందు బెంచీల పిల్లలు, ఊళ్ళో పిల్లలు. బ్రిటన్ వాళ్ళంతా పేట నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు. వాళ్ళకు కిరీటాల్లేవు. నడుముకు గోనెపట్టా, ఒంటికి బట్టలకు పెట్టే నీలం. బ్రిటన్ వాళ్ళు యుద్ధానికి ఒంటినిండా నీలం పూసుకునేవాళ్ళని చెప్పింది సలోమే. అది ఇలా ఉపయోగపడుతుందని ఆవిడ అనుకోలేదు.

"వీరబాబు గారూ, ఈ ఎంపిక ఎలా చేసేరండీ?"

"ఏముందండీ, రోమన్లు నాగరికులు కదండీ. కాస్త రంగున్నోళ్ళుంటే బాగుంటాదని."

"ఇంగ్లీషు వాళ్ళ కంటే తెల్లగా ఉండాలాండీ?"

వీరబాబు ఆలోచనలో పడ్డాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. కాసేపటికి, "సత్తిరాజు గారు అలాగే బాగుందన్నారండీ" అన్నాడు.

సలోమిది కూడా ఆ పేటే. వాళ్ళ తాత సత్తిరాజు గారి తాత దగ్గర పాలేరు. తండ్రి మిషను బడిలో చదువుకుని పోస్టుమాన్ అయ్యాడు, ఆవిడ బీఈడీ చేసింది. ఈ బడిలో చేరి పదిహేనేళ్ళయింది. సత్తిరాజు గారు ఏనాడూ ఆవిణ్ణి ఏకవచనంతో పిలవలేదు. "టీచరుగారూ, మీవాళ్ళని కాస్త శుభ్రంగా రమ్మని చెప్పండి" అంటారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద విన్నప్పుడల్లా ఆవిడకు కర్రకు గుచ్చిన స్పాంజి గుర్తొస్తుంది.

వేషాలు మార్చలేకపోయింది కాబట్టి ఆవిడ కసి అంతా మాటల్లో పెట్టింది. బ్రిటన్‌లో ఒక తెగ రాణి బౌడికాకి మంచి ఉపన్యాసం రాసింది. బౌడికా భర్త చనిపోతూ, పోనీ సగమైనా మిగులుతుందని ఆశపడి, సగం రాజ్యం రోమన్ల పేర రాశాడు. వాళ్ళు మొత్తం లాగేసుకున్నారు. అడగబోయిన రాణిని స్తంభానికి కట్టి కొరడాలతో కొట్టారు. ఆ రాణి లేచి, జనాన్ని కూడగట్టి, రోమన్ల ఊళ్ళు తగలబెట్టింది. చివరికి ఓడిపోయింది. అయినా రోమన్లకు అంతగా నిద్ర లేకుండా చేసింది ఆవిడొక్కతే. ఆ వేషం తొమ్మిదో తరగతి శారోన్‌కి ఇచ్చింది. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం చర్చి చివరి దాకా వినబడుతుంది.

రిహార్సల్ చూడ్డానికి సత్తిరాజు గారు వచ్చారు. శారోన్ ఉపన్యాసం మొదలు పెడితే వరండాలో తిరుగుతున్న ఆయా కూడా ఆగిపోయింది. అంతా విని సత్తిరాజు గారు చప్పట్లు కొట్టి, సలోమిని పక్కకు పిలిచారు.

"బ్రెమ్మాండంగా ఉందండీ. ఒక్కటే లోటు. ఆఖర్న ఆ పిల్ల నా మెళ్ళో దండేసి, కాళ్ళకి దణ్ణం పెడితే నిండుగా ఉంటాది. చీఫ్ గెస్టుగారు కూడా ముందు వరసలోనే ఉంటారు."

"రాణి తిరగబడేసరికి క్లాడియస్ లేడండీ. పోయి ఆరేళ్ళయింది. ఆళ్ళావిడే పుట్టగొడుగుల్లో విషం కలిపి పెట్టిందంటారు."

"అలాగాండీ."

"పోయేక దేవుణ్ణి చేసి, బ్రిటన్‌లో గుడి కట్టేరండీ. ఖర్చు ఆ ఊరోళ్ళ నెత్తినే రుద్దేరు. బౌడికా ముందుగా తగలెట్టింది ఆ గుడినే."

సత్తిరాజు గారి మొహం విచ్చుకుంది. "గుడి కూడా కట్టేరాండీ?" అన్నారు. మిగతాదేదీ ఆయన చెవికి చేరలేదు.

"అంటే, పోయినాయనకి దండెయ్యడం..."

"నాటకం కదండీ, చూసేవాళ్ళకి ఈ లెక్కలన్నీ తెలుస్తాయేంటండీ. ఏమంటారు?"

"ఆయ్" అంది సలోమి.

అనేసి, ఇంటికి వచ్చి, అన్నం పెట్టుకుని, తినలేక చేయి కడిగేసింది. కుళ్ళిన చేపల రసం తాగినట్టే ఉంది. ఈసారి ఆ కంపు రోమన్లది కాదు, తన నోటిదే. ఉపన్యాసమంతా రాసి, చివర్న ఆ పిల్ల చేత కాళ్ళు మొక్కించడానికి ఒప్పుకుని వచ్చింది. ఇక ఆ ఉపన్యాసం ఎందుకు?

మర్నాడు శారోన్‌ని స్టాఫ్ రూముకు పిలిచి సంగతి చెప్పింది. "ఆఖర్న కరస్పాండెంటు గారి మెడలో దండేసి, దణ్ణం పెట్టాలంట."

"ఆయ్" అంది శారోన్.

తల కొద్దిగా వంచి, గొంతు తగ్గించి, చివర గాలి వదిలేస్తూ అంది. సలోమి గుర్తుపట్టింది. ఆ ఆయ్ తనదే. తనకంటే ముందు తాతది. చిన్నప్పుడు తాత చేయి పట్టుకుని వెళ్ళినప్పుడు, ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, సత్తిరాజు గారింటి వాకిట్లో దూరంగా నిలబడి అనడం ఆవిడ విన్నది. ఎవరూ నేర్పకుండానే పద్నాలుగేళ్ళ పిల్ల నోట్లోకి వచ్చి కూర్చుంది. చర్చి చివరి దాకా వినబడే గొంతు, ఎదురుగా ఉన్న మనిషికే సరిగ్గా వినబడలేదు.

"వద్దు శారోన్. దండెయ్యొద్దు. నేను చెప్పుకుంటాను."

"ఆయ్" అంది శారోన్ మళ్ళీ, అచ్చం అలాగే.

వెయ్యమన్నా ఆయ్, వద్దన్నా ఆయ్. ఇందులో పిల్ల మనసెక్కడుందో సలోమికి అంతుపట్టలేదు. "ఆయ్ అనకమ్మా. నీకేమనిపిస్తుందో అది చెప్పు" అంది. శారోన్ కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది. బెల్లు కొట్టారు.

సలోమి ఆ సాయంత్రమే సత్తిరాజు గారింటికి వెళ్ళింది. ఆయన వినయంగా కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళు తెప్పించి, ఆవిడ నోరు విప్పేలోపే, దండకి కడియం నుంచి పూలు చెప్పేనండీ, పెద్దది, అన్నారు. ఆవిడ దండ వద్దనే మాట పైకి అంది కూడా. ఆయన నవ్వి, "మీరు మరీ హిస్టరీ అండీ" అని ఫోను ఎత్తారు.

వార్షికోత్సవం రోజు గ్రౌండంతా నిండిపోయింది. ముందు సోఫాల్లో చీఫ్ గెస్టూ, ఊళ్ళో పెద్దలూ. వెనక చాపల మీద పేట తల్లులు, పిల్లలకు నీలం సరిగ్గా పట్టలేదని గుసగుసలు. చీపురు టోపీల సైన్యం వచ్చి గోనెపట్టా సైన్యాన్ని చితక్కొట్టింది. ఒక రోమన్ వీరుడి చీపురు ఊడి చీఫ్ గెస్టు ఒళ్ళో పడింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టుకున్నారు. యుద్ధమంతా అయ్యాక, తీరుబడిగా, బాజాలతో, పీచు ఏనుగు మీద క్లాడియస్ గారు దయచేశారు. నలుగురు బ్రిటన్ పిల్లలే ఆ ట్రాలీని తోశారు.

పక్క తెర చాటున మైకు పట్టుకుని సలోమి కథ చెబుతోంది. శారోన్ ఉపన్యాసం మొదలు పెట్టింది. గొంతు చాపలు దాటి, గేటు దాటి వెళ్ళింది. "సగం ఇస్తామంటే మొత్తం తీసుకున్నారు. మొత్తం ఇచ్చినా మా వీపులు కావాలన్నారు" అన్నప్పుడు వెనక ఎవరో ముక్కు చీదారు. ఉపన్యాసం అయిపోయింది. వీరబాబు పళ్ళెంలో దండ పట్టుకుని స్టేజి ఎక్కాడు.

సత్తిరాజు గారు ఏనుగు దిగి, శారోన్ ముందు నిలబడి, పొట్టి పిల్లకు అందేలా మెడ వంచారు. శారోన్ తెర వైపు చూసింది. సలోమి మైకు నోటి దగ్గర పెట్టుకుంది. తడబడుతూనే చెప్పింది: "ఈ తిరుగుబాటు నాటికి క్లాడియస్ చక్రవర్తి బతికి లేడు. బౌడికా ఆయనకు దండ వెయ్యలేదు."

జనానికి అర్థం కాలేదు. సత్తిరాజు గారు వంచిన మెడ అలాగే ఉంచి, నవ్వు చెరగనివ్వకుండానే, "వెయ్యమ్మా" అన్నారు.

"వెయ్యనండీ" అంది శారోన్.

ఎంతో మర్యాదగా, అండీ ఒత్తి మరీ అంది. స్టేజి మైకు దాన్ని ఎత్తి గ్రౌండంతా పంచింది. సత్తిరాజు గారు మెడ వంచుకుని ఎంతసేపు ఉండగలరో అంతసేపూ ఉన్నారు. తర్వాత ఆయనే పళ్ళెంలోంచి దండ తీసి, తన మెడలో తనే వేసుకుని, జనం వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తారు. ముందు సోఫాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ కొట్టారు. బాజాలు మోగాయి.

సలోమికి కంపరమెత్తింది. ఇంతేనన్నమాట. వేసేవాడు లేకపోయినా దండ ఆగదు. రేపు పొద్దున్న తనకు ఈ బడిలో ఏం మిగులుతుందో ఆవిడకు తెలుసు.

శారోన్ తెర చాటుకు వచ్చింది. చెమటకు నీలం మెడ మీదికి కారుతోంది.

"టీచర్‌గారండీ, మీరు చెప్పేరని కాదండీ. ఆయన అలా మెడ వంచేసరికి నాకే అసహ్యం పుట్టుకొచ్చిందండీ."

"నాకూ అంతేనమ్మా" అంది సలోమి. "పదిహేనేళ్ళ నుంచీ."