నాలుగు మీద ఏడు

కొత్త దశాబ్దానికి కొత్త బాణీ కావాలంటూ, బ్యాండులో కీబోర్డు వాయించే డ్రమ్మర్ బావమరిది డ్రమ్ మెషీన్ కొనుక్కొచ్చాడు. అది నాలుగు దెబ్బల తాళాన్ని తడబడకుండా కొట్టుకుపోతోంది. ఇన్నేళ్లూ ఏడు దెబ్బల తాళంతో అరగంట పాటలు నడిపిన డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టేశాడు.

“అయితే నేనింక ఇంటికి పోనా, బామ్మర్దీ?”

“అలక్కు బావా. దాంతోపాటు నాలుగు కొట్టి చూడు.”

కొట్టాడు. చేతులు మాట వినక ఏడులోకే జారిపోయాయి. గిటారు మనిషి నవ్వబోయి ఆగిపోయాడు. విడిపోయిన తాళాలు రెండూ ఎక్కడో తిరిగి తిరిగి ఒకే దెబ్బ మీద కలిశాయి.

“మళ్లీ ఎక్కడ కలుస్తాయిరా?” అన్నాడు గిటారు మనిషి.

“ఆపకండి, చూద్దాం,” అన్నాడు డ్రమ్మర్, చెవి మెషీన్ వైపు వంచి.

మెషీన్ కట్టేయబోయిన బావమరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“బావా, నువ్వు మాత్రం దాని మాట వినకు!”