మంచు మోసిన షెడ్డు

"మంచు మోసిన షెడ్డమ్మా అది! మూరెడు మంచు నెత్తిన పెట్టుకుని ఇరవయ్యేళ్ళు నిలబడింది. నీ గాలి దాన్నేం పీకుతుంది?" అన్నాడు మామగారు బిసున్ దేవ్, రొట్టె తుంచుతూ. ఆర్తిక పెనం మీద రొట్టె తిరగేసింది. ఈ వారంలో ఈ మాట వినడం నాలుగోసారి.

గాలి చేసే పని పీకడమే. ఆ సంగతి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. ఆ షెడ్డు న్యూజిలాండులో కొండల పక్కన ఉన్ని గోదాము. దాన్ని విప్పి, కంటైనర్లలో ఫిజీకి తెచ్చారు. బా ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డున, బట్టలు కుట్టే ఫ్యాక్టరీగా నిలబెట్టే కాంట్రాక్టు మామగారిది. మంచు పైనుంచి నొక్కుతుంది. ఇక్కడి తుఫాను పెద్ద తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి దూరి, కప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది. స్తంభాల కింద కాంక్రీటు రెట్టింపు పొయ్యాలి, దూలాల అడుగున అడ్డకమ్మీలు వెయ్యాలి, ఉప్పుగాలికి ఆగని ఆ పాత బోల్టులన్నీ మార్చాలి. ఇదంతా ముప్పై పేజీల్లో లెక్కకట్టి ఇచ్చింది ఆర్తిక. ఎప్పుడు రాసింది? పప్పు ఉడికేలోపు, అత్తగారి కాళ్ళకి నూనె రాశాక, కూతుర్ని బడిలో దింపి వచ్చాక, ఈ వంటింటి బల్లమీదే. కొన్ని పేజీలకి పిండి కూడా అంటింది.

రాజధాని సువాలో ఇంజనీరింగు చదువుకునే రోజుల్లో ఆమెకి, ఇప్పుడు మొగుడైన రోనిల్ కంటే ఎప్పుడూ ఎక్కువ మార్కులే. పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో మామగారి కంపెనీ ప్లాన్లన్నీ ఆమె గీసినవే, కింద పేరు మాత్రం రోనిల్‌ది. ఒకసారి అడిగింది. "మనలో మనకి నీదీ నాదీ ఏమిటి ఆర్తీ?" అన్నాడు. రెండోసారి అడిగితే అత్తగారు అందుకుంది: "పేరేం చేసుకుంటావమ్మా, అన్నంలో నంజుకుంటావా?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఖర్మ. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

ఆ ఆదివారం రోనిల్ వంటింట్లోకి నవ్వుతూ వచ్చి, పెద్ద కాగితం ఒకటి బల్లమీద పరిచాడు. "ఈసారి నీ పేరే వేశా. సంతోషమేనా?"

సిగ్గులేని మనసు, ఎగిరి గంతేసింది. చేతులు తుడుచుకుని చూసింది. ఆర్తికా దేవ్, ఇంజనీరు. కింద తన సంతకం. తర్వాత చూపు స్తంభాల మీదికి పోయింది. కాంక్రీటు పాత కొలతే. అడ్డకమ్మీలు లేవు. లెక్కలో వేసిన గాలి వేగం ఆ న్యూజిలాండు కొండల పక్కదే.

"ఇది నేను గీసింది కాదు."

"నాన్న కాస్త సర్దాడులే. నవంబరుకల్లా నిలబెట్టాలని ఓనరు ప్రాణం తీస్తున్నాడు."

"మరి నీ పేరే వేసుకోలేకపోయావా?"

రోనిల్ మెడ గోక్కున్నాడు. "ఏదన్నా అయితే నా లైసెన్సు పోతుంది. కంపెనీ మూతపడుతుంది. నువ్వైతే... నీది పోయినా, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా."

"నేను సంతకం ఎప్పుడు పెట్టాను?"

"బ్యాంకు కాగితాల్లోంచి తీసి అతికించా. శుక్రవారమే పర్మిషను కూడా వచ్చేసింది. ఇంక దాని గురించి మాట్లాడకు."

"అరె, పచ్చడేదీ?" అని ముందుగదిలోంచి మామగారి కేక.

ఆమె పచ్చడి పెట్టి వచ్చింది. పోలీసులకి చెబుదామని ఫోను తీసింది. దొంగ సంతకమని చెబితే రోనిల్‌ని పట్టుకుపోతారు. రేపు కూతురు నాన్నేడని అడిగితే ఏం చెప్పాలి? చెప్పకపోతే ఆ కప్పు కింద కూర్చుని కుట్టుకునే ఆడవాళ్ళ గతేమిటి? ఎటు చూసినా గోడే. ఫోను పెట్టేసింది. ఏడుపొచ్చింది, దానికీ తీరిక లేదు, పెనం మాడుతోంది.

వెనక గుమ్మంలోంచి సెరెయానా వచ్చింది, పక్క పల్లె మనిషి, ఎప్పటిలాగే బుట్టలో కర్రపెండలం తెచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అక్కా, కొత్త ఫ్యాక్టరీలో నాకు కుట్టుపని ఇచ్చారు! ఇంకో మాట విన్నావా? ఈసారి తుఫానొస్తే పల్లె పల్లెంతా అందులోకే పోదామన్నాడు మా ఊరి పెద్దాయన. బడి కప్పు కిందటిసారి లేచిపోయింది కదా. ఇది ఉక్కు!"

"వెళ్ళొద్దు సెరెయానా. అది లేచిపోతుంది. ఒక్కరు కూడా అందులో ఉండొద్దు."

సెరెయానా పకపకా నవ్వింది. "నీకేం తెలుసక్కా, రొట్టెలు చేసుకునేదానివి! గీసేది రోనిల్ అన్న కదా. గట్టిదేనని ఆయనే చెప్పాడు మా పెద్దాయనకి."

ఆర్తిక బల్లవైపు చూసింది. ఎనిమిదేళ్ళు గీసిన దానికి తన పేరుతో సాక్ష్యం ఒక్క కాగితమూ లేదు. ఉన్నదల్లా బల్లమీద పరిచిన ఆ ఒక్కటే, తను గీయనిది. ముందుగది గుమ్మంలో రోనిల్ నిలబడి ఉన్నాడు. "ఆర్తీ," అన్నాడు మెల్లగా.

ఆమె ఆ కాగితం తీసి సెరెయానా చేతిలో పెట్టి, పేరు మీద వేలు ఆనించింది.

"చదువు. ఇది గీసింది నేనే. ఇది నిలబడదు."