రెండంగుళాలు తక్కువ

వడ్రంగి పన్నెండో బెంచీ కాలుకు కొలకర్ర ఆనించాడు. కర్ర మీది గాటు చూసి, పైన వేసే పలక మందం వదిలేసి గీత గీశాడు. చెవి వెనక్కి పెన్సిలు దోపుకుని రంపం అందుకున్నాడు. కనుబొమల నిండా రంపపు పొట్టు. చూపుడువేలికి గోరు ఏనాడో పోయింది. ఇరవై ఆరేళ్లుగా మున్సిపాలిటీ షెడ్డులో ఈ మూల ఆయనది.

దేశంలో మొదట మూడు ఊళ్లు నింపాది పట్టణాలయ్యాయి. చూస్తూండగానే ముప్పై దాటాయి. అక్కడ హారన్లు మోగవు, నడివీధిలో బండ్లు తిరగవు. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వంద అడుగులకో బెంచీ ఉంటుంది. ఈ ఊరికీ 'నింపాది పట్టణం' అన్న బోర్డు కావాలని ఆర్నెల్లుగా అందరూ ఉరుకులు పరుగుల మీదున్నారు. నింపాదిగా ఉన్నవాడు వడ్రంగి ఒక్కడే. తిట్లన్నీ ఆయనకే.

పదింటికి తనిఖీ అధికారిణి వచ్చి, వీధిలో అప్పటికే వేసిన బెంచీల్లో ఒకదాని మీద కూర్చుని లేచింది. టేపు తీసి కొలిచింది.

"రెండంగుళాలు తక్కువుందే! పెద్దవాళ్లు లేవాలంటే కష్టం కదా. సాయంత్రం మళ్లీ చూస్తాను."

సూపర్‌వైజర్ మొహం మాడిపోయింది. నేరుగా షెడ్డుకొచ్చి వడ్రంగి మీద విరుచుకుపడ్డాడు. "టేపుతో కొలవవా పెద్దాయనా? ఆ కర్రేంటి?"

"మా ఆవిడ మోకాలి ఎత్తండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అన్నిటికీ కాళ్ల కింద చెక్కలు బిగించు. లేదంటే బోర్డూ రాదు, రేపట్నించి నీకు పనీ ఉండదు."

భార్య పొట్టి మనిషి. ఎక్కడ కూర్చున్నా కాళ్లు గాల్లో ఊగేవి. "ఊళ్లో బెంచీలన్నీ పొడుగోళ్ల కోసమేనా?" అని ఎగతాళి చేసేది. ఓ రోజు ఆమెను కూర్చోబెట్టి, మోకాలి దగ్గర కర్రకు గాటు పెట్టాడు. బెంచీ రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటుండగానే ఆమె పోయింది. నాలుగేళ్లయింది. ఇంట్లో పలకరించే దిక్కులేక, షెడ్డుకొచ్చి ఆ కర్రతోనే మాట్లాడతాడు.

నలభై ఎనిమిది చెక్కలు కోసి, వీధంతా మోకాళ్ల మీద దేకుతూ పదకొండు బెంచీలకూ బిగించాడు. ఒక్కోటి ఎత్తు పెరుగుతుంటే ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం నుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది. కొలకర్ర చంకలో పెట్టుకుని, పన్నెండోదాన్ని తోపుడుబండి మీద వీధి చివరకు చేర్చాడు. దాని నాలుగు చెక్కలూ జేబులోనే ఉన్నాయి. తీయలేదు.

ఒక చివరగా కూర్చుని, పక్కన జాగా వదిలాడు.

"కూర్చోవే. కాళ్లు ఆనతాయి," అన్నాడు.

ఐదింటికి అధికారిణి మందితో అటుగా వచ్చింది. తల వాల్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వడ్రంగిని చూసి ముచ్చటపడింది.

"ఎంత నింపాదిగా ఉన్నాడో చూశారా! మాకు కావాల్సింది ఇదే. లేపకండి."

అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ బెంచీని ఎవరూ కొలవలేదు. ఊరికి బోర్డు వచ్చింది.

జనం వెళ్లిపోయాక వీధి ఊడ్చే ఆవిడ వచ్చి, "అన్నా, పొద్దుపోతోంది, లే," అని భుజం తట్టింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

ఆయన్ని తీసుకెళ్లాక బెంచీ ఖాళీగా మిగిలింది. ఆయన జాగా వదిలిన వైపున కొలకర్ర నేల మీద నిటారుగా ఆనించి ఉంది. దాని గాటు సరిగ్గా బెంచీ అంచు దగ్గరుంది.