ముందద్దం మీద బొట్టు

…పైగా దాన్ని చూడడం అంటారు. కొండ వంపు తిరగగానే ఫోను లేపడం, ఒక నొక్కు నొక్కడం, వచ్చింది బాగుందా లేదా అని తల వంచుకోవడం. ఆ తల మళ్ళీ ఎత్తేలోపు కొండ వెనక్కి పోతుంది. తొమ్మిదేళ్ళు ఈ తతంగమంతా నా ముఖం మీదే జరిగింది.

నేను ఒక కారు ముందద్దాన్ని. ఇప్పుడు శృంగవరపుకోటలో ఒక అద్దాల షాపు వెనక, గోడకి ఆనించి ఉన్నాను. పక్కన నాలాంటివి ఇంకో ఆరున్నాయి. వాటితో మాట్లాడను. వాటికీ నాకు తెలిసిందే తెలుసు.

ఇసుకని కరిగించి పలకగా పరిచారు. ఇంకో పలకని జత చేసి, రెంటి మధ్యా పల్చటి ప్లాస్టిక్ పొర వేసి అతికించారు. అందుకే పగిలినా రాలను. ఒక ముఖం లోపలికి, ఇంకోటి బయటికి. లోపల మనుషులు, బయట లోకం. రెండూ నాకు తగులుతూనే ఉంటాయి, ఏదీ నాది కాదు. ఇలాంటి పుట్టుక పుట్టినదానికి మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం.

మొదట నన్ను కొన్నది విజయనగరంలో ఒక పళ్ళ డాక్టరు. ఆయన హోరువానలో కూడా ఫొటోలు తీశాడు. వైపరు పుల్ల, దాని వెనక బూడిదరంగు. దానికి ‘మబ్బుల్లో మేము’ అని పేరు పెట్టి బంధువులందరికీ పంపాడు. అందరూ బాగుందన్నారు. అంతమంది ఒకేసారి అబద్ధమాడడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఐదేళ్ళకి ఆయనకి బండి మొహం మొత్తి, విశాఖ నుంచి అరకుకి టూరిస్టులని తిప్పే గౌరినాయుడికి అమ్మేశాడు.

ఆ తర్వాత ముందు సీట్లో కూర్చున్నవాళ్ళందరూ ఒకే ఫొటో తీశారు. అడుగున డాష్‌బోర్డు మీది వినాయకుడి నీడ. పైన, గౌరినాయుడి భార్య దసరాకి నాకు పెట్టిన కుంకుమ బొట్టు, ఆకాశంలో ఎర్ర మరకలా. మధ్యలో అరచెయ్యంత కొండ. నా గుండా ఇంతమంది చూశారు గాని నన్ను చూసినవాళ్ళు లేరు. దుమ్ము పట్టినప్పుడే నేనొకటి ఉన్నానని తెలిసేది వాళ్ళకి. ఇది అలకలా వినిపిస్తుందని తెలుసు. అలకే కావచ్చు. తిరస్కారాన్ని అడుగుదాకా తవ్వితే చాలాసార్లు అదే తగులుతుంది.

దక్షిణామూర్తి గారు ఎక్కింది వలిసెలు పూసిన రోజుల్లో. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వెనక సీట్లో ఆయన భార్య హైమవతి. ఆవిడ చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. నడిమిన రూపాయి బిళ్ళంత మిగిలింది, అదీ ఎన్నాళ్ళో చెప్పలేమన్నాడు కళ్ళ డాక్టరు. అది ఉండగానే అరకులో పసుపుపచ్చగా పూసిన వలిసె చేలు చూడాలని ఆవిడ అడిగింది. అందుకే ఈ ప్రయాణం.

ఇక ఆయన చేసింది వినండి. ఇంటి పెద్ద కనక ముందు సీటెక్కాడు. వెనక కిటికీలకి ఎండ తగలకుండా నల్ల జాలీ తెరలు. కాబట్టి ఆవిడకి మిగిలిన కిటికీ నేనొక్కదాన్నే. నాకూ ఆవిడ రూపాయి బిళ్ళంత చూపుకీ సరిగ్గా మధ్యలో, ఆయన మోచెయ్యి, ఫోను.

“ఏవండీ, పూలొచ్చాయా?”

“వచ్చాయి, వచ్చాయి. తీస్తున్నాను.”

“ఆ మోచెయ్యి కాస్త…”

“ఇంటికెళ్ళాక టీవీకి పెట్టి పెద్దగా చూపిస్తాగా హైమా. తాపీగా చూద్దువుగాని.”

“టీవీ ఆగుతుంది లెండి. కళ్ళ సంగతే చెప్పలేం.”

“అమ్మని ముందు కూకోమనండి బాబూ,” అన్నాడు గౌరినాయుడు.

“తనకి ముందు సీటు పడదు.”

ఆయన చెడ్డవాడు కాదు. భయపడుతున్నాడు. నాలుగు వందల ఫొటోలుంటే ఆవిడకి నాలుగు వందల చూపులు మిగులుతాయని లోపల ఎక్కడో లెక్క కట్టుకున్నాడు. ఆ ఫొటోలు చూడ్డానికి కూడా కళ్ళే కావాలన్న ఆలోచన రానివ్వలేదు. చదువుకున్నవాడి భయం ఇలాగే ఉంటుంది, పనిలా కనిపిస్తుంది.

ఆవిడ ఆయన మోచేతి మీదుగా ఏదో వెతికింది.

“నాయనా, ఆ బొట్టు ఎవరు పెట్టారు?”

“మా ఇంటిదమ్మా.”

“ఎడంచేత్తో పెట్టినట్టుంది. కిందికి జారింది.”

“అప్పుడు సంకన పిల్ల ఉందమ్మా.”

ఆవిడ నవ్వింది. తొమ్మిదేళ్ళలో నా మీద ఆగిన మొదటి చూపు అదే. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

దక్షిణామూర్తి గారికీ అప్పుడే బొట్టు కనిపించింది, ఫొటోలో. “ప్రతిదాంట్లో పడుతోందయ్యా ఇది. ఆపి తుడిచెయ్యి.”

“బొట్టు తుడవనండి. మళ్ళీ దసరాకి మా ఇంటిదే కడగాల.”

“సరే, అది ఉంచి మిగతాది కడుగు. దుమ్ముంది.”

“ఎండకి కాలిపోతోంది బాబూ, ఇప్పుడు నీళ్ళు పోస్తే…”

“అద్దమేగా. పసిపిల్ల కాదుగా.”

ఆవిడ కళ్ళ కోసం ఆగని బండి నా దుమ్ము కోసం ఆగింది. రోడ్డు పక్కనే వలిసె చేను. గుడ్డ పెట్టి రుద్దితే బొట్టు చెదురుతుందని గౌరినాయుడు చల్లటి నీళ్ళ సీసా తీసి, బొట్టుకి తగలకుండా, నా కింది భాగం మీద పోశాడు. నాలుగు నెలల క్రితం టిప్పరు నుంచి ఎగిరిన కంకరరాయి నన్ను కొట్టిన చోటు అక్కడే ఉంది. చిన్న గాటు. నాలుగు నెలలూ దాన్ని బిగపట్టుకునే ఉన్నాను. ఆ రోజు కూడా పట్టుకోగలిగేదాన్నే.

వదిలేశాను. టిక్‌మని గాటు నుంచి మూరెడు బీట పాకింది.

“అయిపోనాది బాబూ. దీంతో ఘాట్ రోడ్డు దిగలేం. ఇంకో బండిని పిలుస్తాను, గంట పడతాది.”

“గంటా? నీకసలు బుద్ధుందా?” అని ఆయన కూర్చున్నచోటి నుంచే మొదలుపెట్టాడు. ఆ తిట్ల మధ్య వెనక తలుపు తెరుచుకుంది. హైమవతి బండిని తడుముకుంటూ ముందుకి వచ్చి, నా ఎదుట చేలోకి దిగింది. నడుము దాకా పసుపు. తలని మెల్లగా ఇటు నుంచి అటు తిప్పింది, తన చిన్న చూపుతో చేనంతా కొంచెం కొంచెంగా ఏరుకుంటున్నట్టు. పూల మీద ఎండ మెరుస్తోంది.

“ఏవండీ, మీరూ దిగండి.”

“ఉండు, కదలకు. ఇలా చూడు.”

సీట్లోంచే ఫోను లేపాడు. ఆయన ఎదుట నేనింకా శుభ్రంగానే ఉన్నాను. బీట ఆయన ముందుకి రాకుండా జానెడు దూరంలో ఆగి ఉంది. ఆవిడ పూలని వదిలేసి, ఫోను ఉందనుకున్న దిక్కుకి ముఖం తిప్పుకుంది. కొంగు సర్దుకుని నవ్వు పెట్టుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. అంత కష్టపడి దక్కించుకున్న చూపుని అలా తెచ్చి ఆయన చేతిలో పెడుతోంది.

నాకు మిగిలింది ఆ జానెడే. అది కూడా పగిలితే నా బతుకు గోడ పక్కనే అని తెలుసు.

పగిలాను.

ఫోను తెర మీద ఆవిడ రెండు ముక్కలైంది. ఆయన ఫోను దించి, ఆ బీటని వేలితో తాకాడు. తర్వాత ముందు తలుపు తెరుచుకుంది. ఫోను సీటు మీదే ఉండిపోయింది.