బెండు తీసే మనిషి

నాకు సైకిల్ రిపేరు షాపు ఉంది. నా కూతురికి ముప్పై నాలుగేళ్లు. పదకొండేళ్లుగా దానికి ఎవరికీ వినపడని గొంతులు వినిపిస్తాయి. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ఆ పేరుకి నోరు తిరగడానికే నాకు నెల పట్టింది.

మాత్రలు వేసుకుంటుంది. వాటితో పాటు వారానికి మూడు రోజులు ఆస్పత్రి వెనక గదిలో కూర్చోబెడతారు. గుండ్రంగా పన్నెండు కుర్చీలు. ఒక్కొక్కరూ తమ సంగతి అందరి ముందూ చెప్పాలి. కొందరికి అది మేలు చేసింది, కాదనను. మా అమ్మాయి మాత్రం తన వంతు రాగానే చెవులు మూసుకుని బయటికి నడిచేది.

మూడోసారి లేచొచ్చేశాక కౌన్సెలింగ్ మేడమ్ నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోసింది. రోగి సహకరించడం లేదు, పేరు తీసేయడానికి ఒప్పుకుంటున్నాను, అని ఉంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

“సంతకం పెట్టండి తాతగారూ. ఈ చోటు కోసం చాలామంది ఎదురుచూస్తున్నారు.”

“పెట్టను.”

“మాట్లాడని మనిషికి నేనేం చేయగలను చెప్పండి?”

“షాపులో మాట్లాడుతుంది. వంకరపోయిన చక్రాల బెండు తీస్తూ.”

“ఇది ఆస్పత్రి తాతగారూ, సైకిల్ షాపు కాదు.”

నేను మాటలు పెంచే మనిషిని కాను. మర్నాడు ఒక వంకర చక్రం, స్టాండు, పానా మోసుకొచ్చి ఆ గది కిటికీ పక్కన దించాను.

“ఏంటయ్యా ఈ ఇనప సామాను? తడిగుడ్డ పెట్టి పావుగంట కాలేదు!” అని ఆయా లేచింది.

“మళ్లీ నేనే తుడుస్తాలే అమ్మా.”

అమ్మాయి కుర్చీల వైపు చూడలేదు. చక్రం తిప్పింది. ఒక్కో స్పోకూ వేలితో మీటి, ఒకటి బిగించింది, ఒకటి వదులు చేసింది. మేడమ్ కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత వచ్చి పక్కన చతికిలబడింది.

“ఇప్పుడు గొంతులు వినిపిస్తున్నాయా?”

అమ్మాయి చక్రం మీంచి చూపు తిప్పలేదు.

“ఆ. ఒకడు నాకు పని రాదంటున్నాడు.” చక్రం ఇంకో చుట్టు తిరిగింది. “నువ్వొచ్చి బెండు తియ్యరా చూద్దాం, అన్నాను.”

మేడమ్ ఫక్కున నవ్వి చేత్తో నోరు మూసుకుంది. అమ్మాయీ నవ్వింది. తర్వాత ముప్పావుగంట మాట్లాడుకున్నారు. మాత్రలకి చేతులు వణుకుతున్నాయని చెప్పింది. ఆ సంగతి నాకే తెలియదు.

“పెద్ద డాక్టర్ని అడగాలి. ఇలాంటిది మా పద్ధతుల్లో లేదు,” అంది మేడమ్.

“అడగండి. చక్రం మాత్రం ఇక్కడే ఉంటుంది.”

ఆవిడ ఫైలు మీద ఆ కాగితం అలాగే ఉంది. అమ్మాయి దాన్ని తీసుకుని చేతుల గ్రీజు శుభ్రంగా తుడుచుకుంది.

“రేపు మీ సైకిల్ లోపలికి తెండి మేడమ్. వెనక చక్రం బ్రేకుకి రాసుకుంటోంది. మీరొస్తుంటే రోజూ వినిపిస్తుంది.”

మేడమ్ కిటికీలోంచి తన సైకిల్ వైపు చూసింది.

“నిజమే,” అంది. “రాసుకుంటోంది.”