గవర్రాజు వేసిన అతుకు

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, కౌలాలంపూర్ పెద్ద స్టేషన్‌లో ఇపో వెళ్లే రైలు గేటు ముందు, శ్రీరామ్మూర్తి సైకిలు మడత పడలేదు.

రైలు తొమ్మిది ఐదుకి. గేటు దగ్గరున్న ఉద్యోగిని మొదట సైకిలు వైపు, తర్వాత గోడ మీద బొమ్మ వైపు చూపించింది. మడిచిన సైకిలు సామాను కింద లెక్క, లోపలికి రావచ్చు. మడవని సైకిలు సైకిలు కిందే లెక్క, రాకూడదు. శ్రీరామ్మూర్తి తలూపాడు. ఆ సంగతి అతనికి ఆర్నెల్లుగా తెలుసు.

సైకిలుకి ఇరవై అంగుళాల చక్రాలు, నడుమ ఒక కీలు. కీలు పక్కనున్న గొళ్ళెం తీసి వంచితే రెండు చక్రాలూ పక్కపక్కకి వచ్చి సూట్‌కేసంత అవుతుంది. విశాఖ కూర్మన్నపాలెంలో ఇంటి వరండాలో అతను ఆ పని ఇరవై రెండు సెకన్లలో చేసేవాడు. భార్య గౌరీశ్వరి సెల్‌ఫోన్‌లో టైము చూసేది.

ఇప్పుడు కీలు మీద ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద పసుపు దారం, దారం మీద కుంకం. బామ్మర్ది గవర్రాజు సంపత్ వినాయకుడి గుడి దగ్గర బండి పూజ చేయించి కట్టించినది. విశాఖలో లారీ కొన్నా స్కూటర్ కొన్నా ముందు అక్కడికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే రోడ్డెక్కిస్తారు. ప్రయాణం మొదలెట్టేదాకా దారం తియ్యొద్దని పూజారి చెప్పాడట. శ్రీరామ్మూర్తి ఆ మాట జవదాటలేదు. ముందురోజు లాడ్జిలో అట్టపెట్టె విప్పి చక్రాలు బిగించాడు, హ్యాండిలు బిగించాడు, గుడ్డ ముట్టుకోలేదు. గవర్రాజు చక్రాలు ఎందుకు ఊడదీసి ప్యాక్ చేశాడో మాత్రం అర్థం కాలేదు. వాడికి జాగ్రత్త ఎక్కువ అనుకున్నాడు.

గేటు పక్కకి జరిగి, వినాయకుడికి మనసులో ఒక దండం పెట్టి, దారం విప్పాడు.

గుడ్డ కింద వెల్డింగు ఉంది. కీలు మీద ఒకటి, కీలు కింద ఒకటి. రెండూ రుద్ది, నున్నగా చేసి, రంగు వేసి ఉన్నాయి.

*

పోయేది రైలు ఒక్కటే అయితే అంత బాధ లేదు. దాని వెనక ఇంకో సంగతి ఉంది.

ఇలాంటి సైకిళ్లు అతను రెండు కొన్నాడు. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై రెండేళ్లు రిగ్గర్‌గా పనిచేసి రిటైరయ్యాక, దేశాలు తిరగాలన్నది అతని కోరిక. ఊరి నుంచి ఊరికి రైలు, ఊళ్లో సైకిలు. ఒకటి తనకి, ఒకటి గౌరీశ్వరికి. ఆవిడ రెండో సైకిలు మీద దుప్పటి కప్పి, ఒక షరతు పెట్టింది.

"మీరొక్కసారి ఎల్లి రండి. దార్లో ఎవుర్నీ బతిమాలకుండా రైలెక్కి, దిగి, సైకిల్తో సహా ఫొటో పంపండి. అప్పుడు నాను పాస్‌పోర్టుకి పెడతాను. లేదంటే రెండోది అమ్మీండి."

షరతు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ చూసిన ప్రయాణాలన్నీ ఒకటే రకం. కింద బెర్తు ఇమ్మని ఒకర్ని, కిటికీ సీటు ఇమ్మని ఒకర్ని, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వమని ఒకర్ని బతిమాలడంతోనే సరిపోయేది. తిరుపతి వెళ్లొచ్చినా ఆవిడకి గుర్తుండేది గుడి కాదు, మొగుడు టీసీ వెనకాల అయిదు పెట్టెలు నడవడం.

గేటు దగ్గరున్న ఉద్యోగిని అతని మొహం చూసి, స్టేషన్ అధికారిని అడిగి చూడమని ఓ గది వైపు చెయ్యి చూపించింది. శ్రీరామ్మూర్తి ఆ గది వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి, ఫోను తీసి గవర్రాజుకి చేశాడు. రెండున్నర గంటలు వెనకుండే విశాఖలో అప్పుడు ఆరు కావడానికి ఎనిమిది నిమిషాలుంది.

"ఏటి బావా, బయల్దేరీసేవా?"

"లేదురా. సైకిలు మడత పడ్డం లేదు."

"పడదు," అన్నాడు గవర్రాజు. నిద్ర మొహంలో కూడా గర్వం దాగలేదు. "ఎలా పడతాది? రెండు పక్కలా లాగీసేను. మీదొకటి, కిందొకటి. ఏనుగెక్కినా కదల్దు."

"అది మడత సైకిలురా!"

"అయితే ఏటి? ఆ రోజు గాజువాకలో స్పీడ్ బ్రేకర్ మీద నువ్వు ఎగిరినప్పుడు నాను ఎనకాల స్కూటర్ మీదున్నాను. ఆ కీలు వడ్లగింజంత కదిలింది. నాను సూసేను. పై దేశంలో నడిమికి ఇరిగితే ఎవుడొత్తాడు నిన్ను ఎత్తడానికి?"

"కదుల్తాది. కీలన్నాక కదుల్తాది."

"మడతెందుకు బావా? నువ్వెల్లింది తొక్కడానికా, మడతెట్టడానికా?"

"రైలెక్కించడానికి!"

అవతల మంచం కిర్రుమన్న చప్పుడైంది.

"రైలెక్కడానికి మడతెట్టాలా?" అన్నాడు గవర్రాజు. "నాను ఊరి నుంచి ఊరికి తొక్కుతావనుకున్నాను."

"ఇపో రెండొందల కిలోమీటర్లురా."

"అదే అనుకున్నాను. ఈ వయసులో బావకి ఇంత పట్టుదలేటని. మా ఆవిడతో కూడా అన్నాను." అక్క గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "అప్పకి సెప్పకు బావా."

"ముందు ఇది ఎలా తియ్యాలో సెప్పు."

"తియ్యడమా?" అన్నాడు గవర్రాజు. ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో లారీ చాసిస్‌లకి అతుకులు వేస్తున్న మనిషి. "నా అతుకు ఇంతవరకూ ఎవుడూ తియ్యలేదు."

*

స్టేషన్ వెనక రోడ్డు దాటితే స్కూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఎనిమిదిన్నరకి షట్టరు తీశారు. తీసినాయన చైనా మనిషి, డెబ్బై దాటినవాడు, బనీను మీద ఉన్నాడు. అతనికి ఇంగ్లిషు ఓ పది మాటలు వచ్చు. శ్రీరామ్మూర్తికి ప్లాంటులో వాడే ఇంగ్లిషు వచ్చు. ఇద్దరికీ కలిసిన మాటలు రెండు: కట్, నో కట్.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని అతుకు చూశాడు. వేలితో తడిమాడు. సైకిలు తలకిందులు చేసి రెండోదీ చూశాడు. తర్వాత బొటనవేలు పైకెత్తాడు.

నూనె డబ్బాకి ఆనించి, వీడియో కాల్ పెట్టిన ఫోన్‌లోంచి గవర్రాజు అడిగాడు. "ఏటంటన్నాడు బావా?"

"వెల్డింగు బాగుందంటన్నాడు."

"మరెందుకు కోత్తన్నాడు?"

గ్రైండరు మొదలైంది. గవర్రాజు ఫోన్‌లోంచే పని నడిపించబోయాడు. "అన్నా! మీద ఒకటిన్నర అంగుళం! లోపల పిన్నుంది, దాని జోలికెల్లకు! ఎడం పక్కకి! ఎడం!" పెద్దాయన తన భాషలో ఏదో గట్టిగా బదులిచ్చాడు. గ్రైండరు రొదలో ఎవరి మాటా ఎవరికీ చేరలేదు.

శ్రీరామ్మూర్తి ఇద్దరికీ మధ్య నిలబడి చేతులెత్తాడు.

క్రేను కింద నిలబడి, పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటరుకి చేతులతో చెప్పడమే రిగ్గర్ పని. ప్లాంటులో రొదకి నోరు పనికిరాదు. పిడికిలి బిగిస్తే ఆగు. అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు కదిపితే నెమ్మదిగా దించు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెడితే ఇంకొంచెమే. ముప్పై రెండేళ్లు అతను కరిగిన ఉక్కు తొట్లు ఈ సైగల మీదే నడిపించాడు. ఫోన్‌కి దగ్గరగా జరిగి, గవర్రాజు చెప్పింది విని, చేతులతో పెద్దాయనకి చెప్పడం మొదలెట్టాడు.

పెద్దాయన గ్రైండరు ఆపాడు. శ్రీరామ్మూర్తి చేతుల వైపు చూశాడు. తను కూడా పిడికిలి బిగించి చూపించాడు. గాల్లో ఒక క్రేను కొక్కెం గీసి, వేలు తన గుండె మీద పెట్టుకుని, "పోర్ట్" అన్నాడు. పదకొండు వేళ్లు చూపించబోయి, చేతులు చాలక నవ్వి, "ఇయర్స్" అన్నాడు.

అక్కడి నుంచి పని సాగింది. శ్రీరామ్మూర్తి సైగ చేస్తే గ్రైండరు చక్రం దిగేది, పిడికిలి బిగిస్తే లేచేది. ఒకసారి పిన్నుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఫోన్‌లో గవర్రాజు కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిది ఐదుకి రైలు వెళ్లిన చప్పుడు షాపులోకి వినిపించింది. ఎవరూ తలెత్తలేదు.

తొమ్మిదీ ఇరవైకి రెండు అతుకులూ తెగాయి. కీలు వంగింది. అయితే గొళ్ళెం వెల్డింగు వేడికి ఒకపక్క కరిగిపోయి ఉంది, వేస్తే పడటం లేదు. పెద్దాయన కీలు పక్కన ఓ రంధ్రం వేసి, బోల్టు దూర్చి, చేత్తో తిప్పే చెవుల నట్టు బిగించాడు. గవర్రాజు ఆ బోల్టు సైజు అడగమన్నాడు. పది ఎమ్మెమ్ అని తెలిశాక, "నానైతే పన్నెండు ఏసీవోణ్ణి," అన్నాడు.

"నువ్వు మరింకేటీ ఎయ్యకు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పెద్దాయన సైకిలు ఎక్కి రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చాడు. దిగి, దానిని మడిచి, విప్పి, మళ్లీ మడిచి ఇచ్చాడు. గ్రైండింగు పొడి అంటిన ఎర్ర గుడ్డ దులిపి, అది కూడా ఇచ్చాడు. శ్రీరామ్మూర్తి దాన్ని హ్యాండిలుకి కట్టుకున్నాడు.

*

పది నలభైకి అదే గేటు, అదే ఉద్యోగిని. శ్రీరామ్మూర్తి నట్టు తిప్పి, బోల్టు లాగి, సైకిలు మడిచాడు. ఒక నిమిషం పది సెకన్లు పట్టింది. ఆమె గోడ మీద బొమ్మ చూసింది, సైకిలు చూసింది, కొత్త టికెట్ చూసింది. గేటు తెరిచింది. పదకొండు గంటల రైలులో చివరి సీటు వెనక ఖాళీలో సైకిలు సరిపోయింది. సీటు కిటికీ పక్కది కాదు. పక్కాయన్ని అతను ఏమీ అడగలేదు.

ఒంటిగంటా ఇరవై అయిదుకి ఇపోలో దిగాడు. స్టేషన్ బయట పేరు కనబడేలా సైకిలు నిలబెట్టి, ఓ కాలేజీ అమ్మాయి చేత ఫొటో తీయించుకున్నాడు. చూసుకుంటే సైకిలు ఎడమవైపు తిరిగి ఉంది. బోల్టు కనబడలేదు. ఎర్ర గుడ్డ కూడా చక్కగా పడింది.

పంపబోయి ఆగాడు. రెండు నిమిషాలు ఆ ఫొటో చూశాడు. తర్వాత సైకిలు రెండోవైపు తిప్పి, మరోసారి తియ్యమ్మా అన్నాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, కానీ తీసింది. ఈసారి బోల్టు పడింది. దాన్నే పంపాడు.

నాలుగు నిమిషాలకి ఫోన్ వచ్చింది.

"ఇక్కడి టైముకి తొమ్మిదికి రావలసిన ఫొటో పదకొండుకి వచ్చింది," అంది గౌరీశ్వరి. "ఆ బోల్టేటి?"

"మీ తమ్ముడు కీలుకి వెల్డింగు కొట్టీసేడు. కోయించేను. మొదటి రైలు పోయింది."

"ఎక్కడ కోయించేరు?"

స్టేషన్ వెనక షాపు సంగతి, పెద్దాయన సంగతి, సైగల సంగతి చెప్పాడు. ఆవిడ మధ్యలో ఎక్కడా ఆపలేదు. అతను అయిపోయిందన్నాక అడిగింది.

"గేటు దగ్గర బతిమాలేరా?"

"లేదు. అధికారి గది దాకా నాలుగడుగులు ఏసేను. ఎనక్కొచ్చేసేను."

"షాపాయన్ని?"

"బతిమాలడానికి ఆయనికి భాష రాదు."

"మావోణ్ణి?"

"వాణ్ని తిట్టేను."

"తిట్టడం లెక్కలోకి రాదు," అంది గౌరీశ్వరి. "తిన్నారా?"

"ఇంకా లేదు."

"తినండి ముందు. నాకు పనుంది," అని ఫోన్ పెట్టేసింది. ఆవిడ తర్వాత చేసిన ఫోన్ తమ్ముడికి. అది పదకొండు నిమిషాలు నడిచింది. అందులో గవర్రాజు మాట్లాడినవి రెండు మాటలే అని వాళ్లావిడ చెప్పింది: "అప్పా," "కాదప్పా."

మర్నాడు పదిన్నరకి గౌరీశ్వరి పాస్‌పోర్టు ఫారం నింపించింది. మార్చి ఆరు, గురువారం ఆఫీసుకి రమ్మని తేదీ వచ్చింది. ఇంటికొచ్చి రెండో సైకిలు మీది దుప్పటి తీసింది. మొగుడు రిటైరైనప్పుడు తెచ్చుకున్న సామాను పెట్టె వెతికి, మరమ్మతులప్పుడు ప్లాంటులో మెషిన్లకి తగిలించే ఎర్ర రేకు బోర్డు బయటికి తీసింది. దాని మీద తెల్ల అక్షరాలతో 'పని జరుగుచున్నది, తాకరాదు' అని ఉంది. దాన్ని సైకిలు కీలుకి తగిలించింది.

సాయంత్రం ఆరుంబావుకి గవర్రాజు వచ్చాడు. బోర్డు చదివాడు. సైకిలుకి మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని టీ తాగాడు.